చిన్న ప్రాసెసర్‌కి రెండు గ్రాఫిక్స్ కార్డులు: పెట్టొచ్చా, వద్దా?

తణుకు_గేమర్:
రైజెన్ 5 5500 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్ఎక్స్ 580 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 ఫ్రేములు, అంటే బొమ్మలు, చూపగలదు). సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో 580 తెచ్చి క్రాస్‌ఫైర్ (రెండు ఏఎండీ కార్డుల్ని ఒకే ఆటకి కలిపి వాడడం) చేయడం మేలా, ఇది అమ్మేసి ఆర్ఎక్స్ 6600 కొనడం మేలా? ఎక్కువగా ఆడేవి ఓపెన్ వరల్డ్ ఆటలండి.

భీమవరం_బెంచ్:
క్రాస్‌ఫైర్ వద్దండి. అందులో ఒక ఫ్రేము ఒక కార్డు, తర్వాతి ఫ్రేము రెండో కార్డు గీస్తాయి. ఏ కార్డు గీసినా, ఆ ఫ్రేములో ఏమేం గీయాలో లెక్కకట్టి అందించేది ప్రాసెసరే. అది సెకనుకి 70 ఫ్రేములకే అలిసిపోతే నాలుగు కార్డులు పెట్టినా 70 దాటవు. పైగా రెండు కార్డుల డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పని కూడా దాని మీదే పడుతుంది.

మీ ప్రాసెసర్ ఎంత లాగుతుందో ముందు చూసుకోండి. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వాడకం తెరమీద కనబడేలా పెట్టి, అదే చోట ఆటని 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు పెరక్కుండా కార్డు వాడకం 60, 70 శాతానికి పడిపోయిందంటే అడ్డం ప్రాసెసర్ దగ్గరే ఉంది.

కార్డుల మెమరీ కూడా 8+8 కలిసి 16 అవ్వదు. రెండిట్లోనూ అదే సరుకు ఉండాలి కాబట్టి 8 జీబీయే లెక్క. కంపెనీలే ఈ దారి వదిలేశాయి. 2019లో వచ్చిన ఆర్ఎక్స్ 5700లో ఏఎండీ క్రాస్‌ఫైర్ పెట్టలేదు. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కి, అంతకు ముందువాటికి 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ (ఎన్విడియా వాళ్ల రెండు కార్డుల పద్ధతి) ప్రొఫైళ్లు (ఒక్కో ఆటకి కావాల్సిన సెట్టింగులు) ఇవ్వబోమని ఎన్విడియా ముందే చెప్పింది. డైరెక్ట్‌ఎక్స్ 12 (విండోస్‌లో ఆట కార్డుతో మాట్లాడే పద్ధతి) ఆటల్లోనైతే ఆట రాసినవాళ్లే రెండు కార్డులకి పని పంచాలి, అంత శ్రమ పడినవాళ్లు తక్కువ.

రాజోలు_రిగ్:
క్రాస్‌ఫైర్ సంగతి ఒప్పుకుంటానండి. కానీ రెండో కార్డే దండగ అంటే ఒప్పుకోను. లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్ స్టీమ్‌లో (ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం) దొరుకుతుంది. పై కార్డు ఆట గీస్తుంది, కింది కార్డు ఆ ఫ్రేముల మధ్యలో కొత్తవి కల్పించి మానిటర్‌కి పంపుతుంది. ఆ కల్పించిన ఫ్రేములకి ప్రాసెసర్ దాదాపు ఏమీ లెక్కకట్టక్కర్లేదు. చిన్న ప్రాసెసర్ ఉన్నవాళ్లకి పనికొచ్చే డ్యూయల్ కార్డు పద్ధతి ఇదే.

పెద్ద కార్డు పై స్లాట్‌లో, చిన్నది కింద. మానిటర్ కేబుల్ కింది కార్డుకి పెట్టాలి, అందరూ తప్పేది ఇక్కడే. పై కార్డుకి పెడితే కల్పించిన ఫ్రేములు మళ్లీ వెనక్కి రావాలి, లాభం పోతుంది. విండోస్ 11 గ్రాఫిక్స్ సెట్టింగుల్లో డీఫాల్ట్ హై పెర్ఫార్మెన్స్ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు)గా పై కార్డునీ, లాస్‌లెస్ స్కేలింగ్‌లో ప్రిఫర్డ్ జీపీయూగా కింది కార్డునీ ఎంచండి. ఆట బోర్డర్‌లెస్ (అంచుల్లేని విండో)లో పెట్టి 72 ఫ్రేములకి క్యాప్ చేసి (అంతకు మించకుండా ఆపి) రెండింతలు చేస్తే 144 నిండుతుంది.

భీమవరం_బెంచ్:
చాలా బీ450 బోర్డుల్లో రెండో పొడవాటి స్లాట్ చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) నుంచి వచ్చే పీసీఐఈ 2.0 (కార్డుకి డేటా మోసే దారి), నాలుగు లేన్లే (వరసలే). అది సరిపోతుందా?

రాజోలు_రిగ్:
లెక్క వేద్దామండి. 1080పీ ఫ్రేము 1920 × 1080 × 4 బైట్లు, అంటే 8.3 ఎంబీ. 72 ఫ్రేములకి సెకనుకి 600 ఎంబీ. 2.0 నాలుగు లేన్లు 2 జీబీ మోస్తాయి, కాబట్టి సరిపోతుంది. 4కేలో ఒక్కో ఫ్రేము 33 ఎంబీ, 60 ఫ్రేములకే ఆ దారి నిండిపోతుంది. ఒక లేన్ చిన్న స్లాట్ 2.0 అయితే 500 ఎంబీయే, మీ 1080పీకి కూడా చాలదు. రైజర్ (స్లాట్‌ని పొడిగించే కేబుల్) వేసి అందులో పెట్టి, సాఫ్ట్‌వేర్ బాలేదనడం న్యాయం కాదు.

భీమవరం_బెంచ్:
అది సరే. కానీ మౌస్ కదిపితే స్పందన 72దే, 144ది కాదు, కాస్త ఆలస్యం కలుస్తుంది కూడా. పోటీగా కాల్చుకునే ఆటలకి ఇది పెట్టకండి. అసలు ఫ్రేములు 40కి పడిపోతే మనిషి అంచుల చుట్టూ బొమ్మ చెదురుతుంది.

నరసాపురం_వోల్ట్:
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేమండి. 580 ఒక్కోటి 185 వాట్లు. రెండిటికి 370, ప్రాసెసర్‌కి 80 దాకా, మిగతావాటికి 50. మొత్తం 500 అవుతుంది, 550 ఎస్‌ఎంపీఎస్‌కి ఊపిరాడదు, 750 కావాలి. 600 వీఏ యూపీఎస్ 360 వాట్లే మోస్తుంది, ఆట మధ్యలో కరెంటు పోతే అదీ పడిపోతుంది. ఆర్ఎక్స్ 6600 అయితే 132 వాట్లే. చెరువుల మీద ఏరేటర్లన్నీ (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) ఒక్కసారి తిరిగే వేళ వోల్టేజీ కుంగే ఊళ్లలో ఈ తేడా చిన్నది కాదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి స్లాట్‌లోకి దూరే బంగారు పళ్లు మసకబారతాయి, కార్డు ఉండుండి మాయమవుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. కార్డుల మధ్య కనీసం ఒక స్లాట్ ఖాళీ ఉంచాలి, లేకపోతే పై కార్డు కిందిదాని వేడినే పీలుస్తుంది. మే నెల ఉక్కలో అది క్లాక్ (పనిచేసే వేగం) తగ్గించేసుకుంటుంది.

తణుకు_గేమర్:
అయితే 580 అమ్మేసి 6600 కొంటాను. కింద ఏది పెట్టాలి?

రాజోలు_రిగ్:
జీటీఎక్స్ 1650 చూడండి, 75 వాట్లు, చాలా మోడళ్లకి వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు. ఏఎండీ, ఎన్విడియా డ్రైవర్లు రెండూ ఒకే విండోస్‌లో ఉండొచ్చు. కానీ ముందు 6600 ఒక్కదాంతో ఆడి, పైన చెప్పిన 720పీ పరీక్ష మళ్లీ చేయండి. ప్రాసెసర్ 70 దగ్గరే ఆగిపోతుంటేనే 1650 కొనండి.

నరసాపురం_వోల్ట్:
మీ 580 అమ్మేటప్పుడు జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో షేడర్ల (కార్డులో బొమ్మ లెక్కలు కట్టే చిన్న భాగాలు) సంఖ్య కొనేవాళ్లకి చూపించండి. 2304 ఉంటే అసలైన 580. 2048 అంటే అదే పేరుతో వచ్చిన తక్కువ రకం, ధర ఆ మేరకి తగ్గించి చెప్పాలి.