అప్‌డేట్: మైలవరం డ్యాంలో జెట్ బోటు ముక్కు ఎగిరిపడటం తగ్గింది

వేగం పెంచితే బోటు ముక్కు లేచి లేచి పడుతోందని అడిగినాను కదన్నా, ఇప్పుడు కుదిరింది. ట్రైలర్ మీదికెక్కించి, బోటు అడుగుభాగానికి ఇనుప స్కేలు ఆనించి చూస్తే రైడ్ ప్లేటు (బోటు వెనక, పంపు కింద బిగించే పలక) వెనక అంచు 2 మి.మీ. పైకుండింది. వెనక బోల్టుల దగ్గర స్టెయిన్‌లెస్ వాషర్లు వేసి బోటు అడుగుభాగానికి సమానం చేసినాం. వెనక అంచు దిగితే నీళ్లు బోటు వెనక భాగాన్ని ఎత్తుతాయి, ముక్కు అణుగుతుంది. మరీ దించితే మాత్రం ముక్కు నీళ్లలో కూరుకుని, మలుపులో బోటు చటుక్కున తిరిగిపోతుంది. అది ప్రమాదం, వేగమూ పడిపోతుంది. అందుకే సమానం దగ్గరే ఆపినాం.

ఇంక ట్రిమ్, అంటే నాజిల్‌ను (పంపు నీళ్లను వెనక్కి చిమ్మే మూతి) పైకీ కిందికీ వంచడం: బయలుదేరేటప్పుడు నాజిల్ కిందికి, వేగం అందుకున్నాక కొంచెం కొంచెంగా పైకి. ఊగడం మొదలైతే కాస్త దించితే చాలు. గాలికి అలలు లేచినప్పుడు ఇంకా కిందికే. ప్లేటు విప్పినవాళ్లు ముందంచున సీలెంట్ కొత్తది వేయండన్నా, సందుంటే పంపు గాలి పీలుస్తుంది.