ఫుటింగ్ గుంతల్లో నీళ్లు ఆగడం లేదు, ఏ మోటారు పెట్టాలి? (అర్జంట్)

పెంకుటిల్లు వారసుడు:
నమస్కారమండి. పొద్దున్నుంచి సైటు దగ్గర నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి, చిరాకులో అటూ ఇటూగా రాస్తే ఏమీ అనుకోకండి. తాతల నాటి పెంకుటిల్లు కొట్టేసి అదే స్థలంలో కొత్తగా కట్టుకుంటున్నాం. ప్లాన్ అప్రూవ్ అయింది, బ్యాంకు లోను మొదటి విడత కూడా పడింది. ఫుటింగులకి (కాలమ్‌ల కింద వేసే పునాది దిమ్మెలకి) గుంతలు తీశాం. ఒకటే నీళ్లు. 2 హెచ్‌పీ మోటారు రాత్రింబవళ్లు ఆడుతోంది. ఆపితే కాసేపట్లో మళ్లీ మోకాలి లోతు. గుంత అడుగున బెడ్ కాంక్రీటు వేద్దామన్నా కుదరడం లేదు. మేస్త్రీ 5 హెచ్‌పీ పెట్టమంటున్నాడు. కూలీలని ఊరికే కూర్చోబెట్టి డబ్బులిస్తున్నా. ఇది చాలదన్నట్టు పక్కింటాయన రోజూ వచ్చి గొడవ. ఏ కంపెనీ మోటారు మంచిది? అద్దెకి తేవాలా, కొనాలా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

సైటు మనిషి:
మోటారు ఆపండి.

పెంకుటిల్లు వారసుడు:
ఆపితే నిండిపోతోందనే కదండీ మొర పెట్టుకుంటున్నది!

సైటు మనిషి:
ఏ ఊరు? గుంత లోతెంత? పక్కింటి గోడ ఎంత దూరం? మట్టి పరీక్ష చేయించారా? పక్కింటాయన గొడవ దేనికి?

ఉప్పు తిన్న కాంక్రీటు:
మోటారు సంగతి తర్వాత. ముందు ఆ నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. సముద్రం పక్క ఊరైతే ఉప్పగా ఉండొచ్చు. ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపి, అవే కొట్టి క్యూరింగ్ చేస్తారు మన మేస్త్రీలు. పదేళ్లు తిరక్కుండా శ్లాబు కింద పెచ్చులూడి తుప్పు కడ్డీలు బయటపడతాయి. కాంక్రీటు పనులకి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ఏం చెబుతోందో ఇంజనీర్లని అడగండి: కడ్డీలున్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కడ్డీలు లేని ఉత్త కాంక్రీటుకైతే 2000 దాకా ఫరవాలేదు. సముద్ర తీరపు వాతావరణాన్ని ఆ కోడ్ ‘తీవ్రమైన’ తరగతిలో పెట్టింది. అంటే కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే తరగతి), ఘనపు మీటరుకి 320 కిలోల సిమెంటు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం. మన ఊళ్లలో జరిగేదేంటి? సిమెంటు, ఇసుక, కంకర ఒకటికి ఒకటిన్నరకి మూడు అని చేత్తో కలిపేసి, కవరు కోసం కడ్డీ కింద గులకరాయి పెట్టేసి, పైన రంగు వేసేస్తారు. ఏ గ్రేడు వేస్తున్నారో మీరు అసలు చెప్పనే లేదు.

సైటు మనిషి:
ఆయన అడుగుతున్నది గుంతలోకి వచ్చే నీళ్ల గురించి, కాంక్రీటులో కలిపే నీళ్ల గురించి కాదు.

ఉప్పు తిన్న కాంక్రీటు:
రెండూ ఒకటే నీళ్లు సార్. అదే నా బాధ.

పెంకుటిల్లు వారసుడు:
కాకినాడండి, చెప్పాననుకున్నా. జగన్నాథపురం వైపు, ఉప్పుటేరుకి దగ్గర్లోనే. స్థలం 24 అడుగుల ముఖం, 54 లోతు, ఇంచుమించు మూడు సెంట్లు. కింద, పైన కలిపి రెండంతస్తులు. గుంతలు 5 అడుగుల లోతు. మట్టి పరీక్ష చేయించలేదు, చుట్టూ అందరూ కట్టుకున్నారు కదా, కొత్తగా ఏముంటుందన్నాడు మేస్త్రీ. పక్కింటాయన గొడవ మామూలేనండి. గోడ బీట్లిచ్చిందంటాడు. పాత ఇల్లు, ఎప్పట్నుంచో ఉండుంటాయి.

సైటు మనిషి:
మోటారు పైపు చివర నీళ్లు తేటగా పడుతున్నాయా, బురదగానా?

గెజిట్ గోపురం:
ఉప్పుటేరు అన్నారు కాబట్టి అడుగుతున్నా. సీఆర్‌జెడ్ (తీర ప్రాంతాల్లో కట్టడాల మీద ఉండే నియంత్రణ) క్లియరెన్సు ఉందా? అది సముద్రపు ఒడ్డుకే అనుకుంటారు చాలామంది. పోటు నీళ్లు ఎక్కే ఏర్లకీ వర్తిస్తుంది. 2011 నోటిఫికేషన్‌లో ఏటి గట్టు నుంచి 100 మీటర్లు లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100ని 50కి తగ్గించారు. అయితే ఇప్పటికే ఊరు కట్టేసిన ప్రాంతాల్లో, పాత రోడ్డుకి గానీ అనుమతి ఉన్న పాత కట్టడానికి గానీ ఊరి వైపున ఉన్న స్థలమైతే కట్టుకోవచ్చు. మీ ఇంటికీ ఏటికీ మధ్యలో రోడ్డు ఉందా లేదా?

పెంకుటిల్లు వారసుడు:
రోడ్డుంది, ఇళ్లున్నాయి, రైసు మిల్లు గోడౌను కూడా ఉంది. ప్లాన్ వచ్చేసిందని చెప్పా కదండీ. దయచేసి నీళ్ల సంగతి చూడండి.

తేటగా ఏం లేవు, బూడిద రంగులో పడుతున్నాయి. సన్న ఇసుక కూడా వస్తోంది. వీధి డ్రైనులో మేట వేసిందని వార్డు సచివాలయం కుర్రాడు ఫొటో తీసుకెళ్లాడు. అదో టెన్షను.

సైటు మనిషి:
అదే నేనడిగింది. ఇంక ఒక్క నిమిషం కూడా ఆడనివ్వకండి. కాస్త వివరంగా రాస్తాను, సెల్ చార్జింగ్ పెట్టుకుని చదవండి.

డ్రైనులో మేట వేసిన ఆ ఇసుక మీ స్థలంలోది మాత్రమే కాదు. గుంతలో నీటి మట్టం దించేసరికి చుట్టూ ఉన్న నీళ్లు లోపలికి తోసుకొస్తాయి, వస్తూ వస్తూ సన్న ఇసుకని లాక్కొస్తాయి. గుంత అడుగున నీళ్లు బుడగలు బుడగలుగా ఉబుకుతున్నాయేమో చూడండి. అలా ఉబుకుతుంటే అడుగు మట్టికి పట్టు పోయినట్టే, దాని మీద కాంక్రీటు వేసినా కుంగుతుంది. పక్కింటి పునాది కిందా ఇదే జరుగుతోంది. ఆ పాత ఇళ్లకి రెండు మూడు అడుగుల లోతున ఇటుక పునాది, సున్నం కట్టుబడి ఉంటాయి. మీ గుంత అంతకంటే కిందకి దిగింది. 5 హెచ్‌పీ పెడితే నీళ్లతో పాటు మట్టి ఇంకా జోరుగా వస్తుంది, అంతే.

ఇంకో సంగతి. 24 అడుగుల ముఖంలో పక్కలకి మీటరు చొప్పున వదిలి ఉంటారు. కాలమ్ గోడలో ఉంటుంది. దాని కింద ఐదడుగుల వెడల్పు ఫుటింగ్, చుట్టూ పనివాడు నిలబడ్డానికి అడుగు జాగా కలుపుకుంటే గుంత సరిహద్దుకి తగిలేస్తుంది. సెట్‌బ్యాక్ గోడకి వదిలారు గానీ గుంతకి వదల్లేదు. ఊరి నడుమ పాత స్థలాల్లో కట్టేటప్పుడు అందరికీ వచ్చే చిక్కే ఇది. శివారు లేఔట్లలో పనిచేసిన మేస్త్రీకి ఇది తట్టదు.

ఇప్పుడు చేయాల్సింది: నీళ్లని గుంతలో నిండనివ్వండి. ఆ నీళ్లే చుట్టూ మట్టిని ఆపి ఉంచుతాయి. పక్కింటి వైపు గుంతల్ని ఇసుకతో నింపేయండి, తవ్విన మట్టితో కాదు. ఆయన గోడకి సరుగుడు బాదులు ఏటవాలుగా ఆనించి, కింద పలక వేసి బిగించండి. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి, ప్లాన్ గీసి అప్‌లోడ్ చేసినాయన్ని కాదు.

అండర్‌రీమ్డ్ అభిమాని:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ. కాకినాడ నల్లరేగడి నేల. అండర్‌రీమ్డ్ పైల్స్ (బోరు తీసి, అడుగున బల్బులా వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు) వేసేస్తే గుంతలే అక్కర్లేదు, నీళ్లు తోడక్కర్లేదు. రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు మన రేగడి నేలల కోసమే తయారుచేసిన పద్ధతి. ఐఎస్ 2911లో మూడో భాగం దాని గురించే.

సైటు మనిషి:
నల్లగా ఉన్నదల్లా రేగడి కాదు. రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఇల్లు పైకి లేవకుండా పట్టి ఉంచడానికే పైల్ కింద బల్బు. ఇక్కడ ఉన్నది ఏరూ సముద్రం తెచ్చి పోసిన ఒండ్రు, సన్న ఇసుక, కింద మెత్తటి బంకమట్టి. ఏడాది పొడుగునా తడిసే ఉంటుంది, ఇంక ఉబ్బేదేముంది? పైగా నీళ్లున్న ఇసుకలో బల్బు కోస్తే బెంటొనైట్ (బోరు గోడ కూలకుండా పోసే బంకమట్టి ద్రవం) లేకుండా నిలవదు, కూలిపోతుంది.

అండర్‌రీమ్డ్ అభిమాని:
మా అత్తగారి ఊళ్లో రేగడి అనే అంటారు. పట్టాల్లో కూడా అలాగే ఉంది.

సైటు మనిషి:
పట్టా చూసి పునాది వేయరు. బోరు దింపి చూస్తారు.

ఉప్పు తిన్న కాంక్రీటు:
పైల్ వేసినా దాని చుట్టూ ఉప్పు నీళ్లే. కవరు ఎంత ఇస్తారో ఎవరూ మాట్లాడరేం?

గాంధీనగర్ మేనత్త:
గొడవ పెడుతున్న ఆ పక్కింటాయన తరఫున నేను మాట్లాడతాను, క్షమించాలి. మా పక్క ఖాళీ జాగాలో అపార్ట్‌మెంటు లేపినప్పుడు మా పరిస్థితీ ఇదే. మొదట దేవుడి గది తలుపు బిగిసింది, గడియ పడేది కాదు. వానాకాలం కదా, చెక్క ఉబ్బిందనుకున్నాం. తర్వాత గుమ్మం మూల నుంచి దూలం దాకా మెట్లు మెట్లుగా బీట. బిల్డరు మనుషులు కూడా బాబూ మీలాగే “ఎప్పట్నుంచో ఉంది లెండి” అన్నారు. ఆయన చెప్పేది ఓసారి వెళ్లి చూసి రండి. ఏ తలుపులు పడట్లేదో అడగండి.

గెజిట్ గోపురం:
చట్టం కూడా ఆయన వైపే ఉండొచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షను ప్రకారం, పక్క స్థలం ఆసరాతో ఇల్లు 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా నిలబడి ఉంటే ఆ ఆసరా హక్కవుతుంది. గాలీ వెలుతురుకి కూడా అదే సెక్షను. ఆయన కోర్టు నుంచి ఇంజంక్షను తెచ్చుకుంటే మీ పని ఆగిపోతుంది, బ్యాంకు వాయిదా ఆగదు.

పెంకుటిల్లు వారసుడు:
మోటారు ఆపేశాం. నీళ్లు నిండాయి. పక్కింటికి వెళ్లొచ్చాను. వంటింటి కిటికీ కింద నుంచి బీట ఉంది, లోపలి అంచులు తెల్లగా, మురికి పట్టకుండా ఉన్నాయి, బీట కొత్తదే అనిపిస్తోంది. ఆయనతో ఇప్పుడేం మాట్లాడాలో తెలియట్లేదు. మరి పని ఎలా జరుగుతుందండీ? ఎండాకాలం దాకా ఆగాలా? అద్దె ఇంట్లో ఉంటున్నాం.

ఇంకోటి, సాయంత్రం పూట నీళ్లు ఎక్కువ ఊరుతున్నాయి. అది మామూలేనా?

సైటు మనిషి:
సాయంత్రమే అని ఉండదు, రోజురోజుకీ వేళ మారుతుంది. పోటు టైముతో పోల్చి చూసుకోండి. ఏరు దగ్గర కాబట్టి పోటు ప్రభావం ఉండొచ్చు. పోటు తక్కువున్నప్పుడు పని పెట్టుకోవచ్చు.

బీట మీద రెండు మూడు చోట్ల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) పట్టీ అడ్డంగా వేసి తేదీ రాయండి. ఆయన ఎదురుగానే వేయండి, ఇద్దరూ ఫొటో తీసుకోండి. పట్టీ పగిలితే బీట ఇంకా కదులుతున్నట్టు. నిలిచిపోయాకే మళ్లీ గుంత ముట్టుకోవాలి.

పునాది విషయం ఇంజనీరే తేల్చాలి. నేనైతే మట్టి పరీక్ష రాగానే రెండు దారులు చూస్తా. ఒకటి, లోతు తగ్గించి మొత్తం ఇంటికి ఒకే రాఫ్ట్, అంటే ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక. బరువు పరుచుకుంటుంది, అన్ని గుంతలు అక్కర్లేదు. కడ్డీ ఖర్చు ఎక్కువ. రెండోది, సరిహద్దు వైపు ఫుటింగుల్ని లోపలికి జరిపి, లోపలి ఫుటింగులకి స్ట్రాప్ బీముతో కట్టడం. ఎలా చేసినా పక్కింటి వైపు ఒక గుంత తీసి, కాంక్రీటు వేసి, పూడ్చాకే ఇంకోటి. వరసగా అన్నీ ఒకేసారి తెరవకూడదు. నీళ్లు తోడాల్సి వస్తే గుంతలో పైపు పెట్టకండి. ఆ గోడకి దూరంగా విడిగా చిన్న బావిలా తీసి, చిల్లుల డ్రమ్ము దించి, చుట్టూ సన్న జాలీ చుట్టి, చిప్స్ కంకర పోసి అందులోంచి తోడండి. తేట నీళ్లు వస్తేనే తోడండి, ఇసుక కనిపిస్తే ఆపేయండి.

మెయిన్ రోడ్ కుర్రోడు:
అసలు ఈ మూడు సెంట్ల స్థలాల్లో ఎవరికి వాళ్లు మేడలు లేపడమే తప్పండి. 2016లో మొదటి 20 స్మార్ట్ సిటీల జాబితాలో మన కాకినాడ పేరు వచ్చింది. ఇప్పటికీ గట్టి వాన పడితే వీధిలో నీళ్లు ఉప్పుటేటి పోటు తగ్గేదాకా కదలవు. పాత ఇళ్లకి పెరడుండేది, నుయ్యుండేది, నీళ్లు అక్కడ ఇంకేవి. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా టైల్సే. 

గాంధీనగర్ మేనత్త:
మరి కుర్రాళ్లు ఊరు వదిలి సర్పవరం అవతలకి పోయి కట్టుకోవాలా? ఆయన తాతగారి స్థలం.

మెయిన్ రోడ్ కుర్రోడు:
పోమనట్లేదు ఆంటీ. నలుగురు పక్కపక్క వాళ్లు కలిసి ఒకే ప్లాన్ పెట్టుకుంటే సెట్‌బ్యాక్ సందులన్నీ వృథా కావు అంటున్నా.

గెజిట్ గోపురం:
నలుగురు అన్నదమ్ములే కలవట్లేదు.

ఉప్పు తిన్న కాంక్రీటు:
రాఫ్ట్ వేస్తే ఎం30 మర్చిపోకండి. నీళ్లు ల్యాబులో టెస్ట్ చేయించి రిపోర్టు ఇక్కడ పెట్టండి.

పెంకుటిల్లు వారసుడు:
గుంతలు పూడ్పించా, బాదులు పెట్టించా. పట్టీలు వేశాం, ఆయన టీ ఇచ్చారు. ఇంజనీరు శనివారం వస్తానన్నారు. థాంక్సండీ.

రామారావుపేట కొత్త సభ్యుడు:
మాది కూడా సేమ్ ప్రాబ్లం సార్, కానీ మాకు పక్కవాళ్ల సన్‌షేడ్ మా స్థలంలోకి వచ్చింది. ఏం చేయాలి?

సైటు మనిషి:
అది సేమ్ కాదు. విడిగా పోస్టు పెట్టండి, కొలతలతో.