బీఎంఐ 24.2: యాప్‌లో నార్మల్, రిపోర్టులో ఓవర్‌వెయిట్. ఏది నమ్మాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. వయసు 38, ఎత్తు 5.6, బరువు 68 కిలోలు. నేనే లెక్కేసుకుంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 23.3 వచ్చింది. ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టులో 24.2 అని, పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఓవర్‌వెయిట్’ అని ఉంది. ఫోన్‌లో యాప్ ఏమో 25 లోపు నార్మలే అంటోంది. ల్యాబ్ వాళ్లు తప్పు రాశారా? ఇంట్లో అప్పుడే రాత్రిపూట అన్నం బంద్ చేశారు.

జవాబు: రిపోర్టు కరెక్టే అన్నా. తేడా అంతా మీ చుక్కలో ఉంది. ఐదడుగుల ఆరంగుళాలను మనం 5.6 అని రాసేస్తాం కదా, మీరు దాన్నే 0.3048తో గుణించినట్టున్నారు. అలా చేస్తే 170.7 సెంటీమీటర్లు వస్తుంది. అసలు మీ ఎత్తు 66 అంగుళాలు, అంటే 167.6 సెంటీమీటర్లు. ఊరికే మూడు సెంటీమీటర్లు పెరిగిపోయారు! 68ని 1.676తో రెండుసార్లు భాగించి చూడండి, 24.2 వస్తుంది.

ఇక యాప్ సంగతి. 25 అనేది ప్రపంచం మొత్తానికీ కలిపి పెట్టిన గీత. మనవాళ్లకు అదే బీఎంఐ దగ్గర కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉంటుంది, అదీ పొట్టలో. అందుకే 2009లో మన దేశ డాక్టర్లు 18 నుంచి 22.9 దాకా నార్మల్, 23 నుంచి ఓవర్‌వెయిట్, 25 నుంచి ఊబకాయం అని ఒప్పందానికొచ్చారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్ డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2.

మీరు 64 కిలోలకు వస్తే 23 లోపే. కానీ ముందు నడుము కొలిచి చెప్పండి.

ప్రశ్న: ప్యాంటు సైజు 34 అండీ.

జవాబు: ప్యాంటు సైజు లెక్కలోకి రాదండీ, దాన్ని పొట్ట కిందకు దించి కట్టుకుంటాం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక టేపు పెట్టండి. పొట్ట లోపలికి లాగకండి.

ప్రశ్న: 37 వచ్చింది. టెన్షన్ మొదలైంది.

జవాబు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు హద్దు. ఆడవాళ్లకు 80. కాబట్టి మీ విషయంలో బీఎంఐ కన్నా టేపు మాటే నిజం. ఆ రిపోర్టులోనే పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఉంటాయి, బీపీ కూడా చూపించుకుని ఒకసారి ఫిజీషియన్‌ని కలవండి. అన్నం మానేసి నాలుగు చపాతీలు లాగిస్తే మాత్రం ఏమీ మారదు, మా ఇంట్లో చూశాం.

ఇంకొకరు: మా బాబుకి 12 ఏళ్లు, బీఎంఐ 21. నార్మలే కదండీ?

జవాబు: పిల్లలకు ఈ అంకెలు పెట్టకండి. వయసును బట్టి, మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరు చార్టులు ఉంటాయి. పిల్లల డాక్టరు దగ్గర ఐఏపీ (మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం) చార్టు మీద చుక్క పెట్టించండి.