ఏ పనీ చెయ్యకపోయినా గ్రాఫిక్స్ కార్డు 38 వాట్లు లాగుతోంది, తగ్గించేదెలా?

ఖమ్మం165:
అందరికీ నమస్కారం. నాది ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ కార్డు. ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్. రెండు మానిటర్లు వాడుతున్నాను: ఒకటి 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్. రెండోది పాత 1080పీ, 75 హెర్ట్జ్. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది.

సమస్య ఏంటంటే, ఏ ప్రోగ్రామూ తెరవకుండా డెస్క్‌టాప్ మీద ఉన్నా జీపీయూ-జెడ్‌లో (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) 36 నుంచి 38 వాట్లు చూపిస్తోంది. టెంపరేచర్ 56 డిగ్రీలు. కార్డు ఫ్యాన్లు కాసేపు తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి. మా ఫ్రెండ్ దగ్గర ఇదే కార్డు ఉంది, వాడిది 13 వాట్లే. డ్రైవర్ మొత్తం తీసేసి మళ్లీ వేశాను, తేడా లేదు. కార్డు పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలే ఎండాకాలం, కరెంటు బిల్లు ఎప్పుడూ శ్లాబ్ అంచునే ఉంటుంది. ఎవరైనా చెప్పగలరా?

బెంచ్‌టేబుల్:
తమ్ముడూ, కంగారు పడకు, కార్డు బాగానే ఉంది. వాట్లు చూసే ముందు మెమరీ క్లాక్, అంటే కార్డు మెమరీ నడిచే వేగం చూడు. ఆఫ్టర్‌బర్నర్ అని కార్డు వేగాలు చూపించే, మార్చే ఉచిత టూల్ ఉంది, అది తెరిచి, మిగతావన్నీ మూసేసి, మౌస్ ముట్టుకోకుండా ఒక నిమిషం ఆగు. మౌస్ కదిపినా, విండో జరిపినా క్లాక్ పైకి లేస్తుంది, ఆ రీడింగ్ పనికిరాదు. నీ కార్డు నిద్రలో ఉన్నప్పుడు మెమరీ క్లాక్ 405 దగ్గర ఉండాలి. 7500 దగ్గరే నిలబడిపోయి ఉంటే విషయం తేలిపోయినట్టే. తర్వాత రెండో మానిటర్ కేబుల్ పీకేసి మళ్లీ చూసి, రెండు అంకెలూ ఇక్కడ పెట్టు.

ఖమ్మం165:
అన్నా, మీరన్నట్టే ఉంది. రెండు మానిటర్లు ఉన్నప్పుడు 7501, కదలట్లేదు. కేబుల్ తీయగానే 405కి పడిపోయింది, 14 వాట్లు! కానీ నాకు రెండు స్క్రీన్లూ కావాలి. రెండో స్క్రీన్‌లో చాట్, మెయిల్ తప్ప ఏమీ ఉండవు. దానికి ఇంత కరెంటు ఎందుకు?

బెంచ్‌టేబుల్:
స్క్రీన్‌లో ఏముందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఖాళీ డెస్క్‌టాప్ అయినా కార్డు ఆ బొమ్మను తన మెమరీలోంచి సెకనుకు 165 సార్లు చదివి మానిటర్‌కి పంపుతూనే ఉండాలి. మెమరీ వేగం మార్చాలంటే ఆ చదవడాన్ని ఒక్క క్షణం ఆపాలి. ఆపినప్పుడు బొమ్మ చెదరకూడదు కాబట్టి, ఒక ఫ్రేమ్ పంపడం అయ్యాక రెండో ఫ్రేమ్ మొదలయ్యే లోపు ఉండే చిన్న విరామంలోనే ఆ మార్పు జరగాలి. దాన్ని వర్టికల్ బ్లాంకింగ్ అంటారు. ఆ విరామం మిల్లీసెకనులో సగం అటూ ఇటూ ఉంటుంది, కొన్ని హై రిఫ్రెష్ మానిటర్లలో ఇంకా తక్కువ.

ఒక్క మానిటర్ అయితే డ్రైవర్ ఆ సందు చూసుకుని పని కానిచ్చేస్తుంది. నీకు ఒకటి 165తో, ఇంకోటి 75తో నడుస్తున్నాయి. రెండింటి విరామాలూ ఒకేసారి పడవు. ఒకటి ఆగినప్పుడు ఇంకోటి మధ్యలో ఉంటుంది. అందుకే డ్రైవర్ ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు మెమరీని పూర్తి వేగంలోనే ఉంచేస్తుంది. నువ్వు చూస్తున్న అదనపు 24 వాట్లు అవే. అందుకే డ్రైవర్ మార్చినా నీకు ఫలితం కనపడలేదు.

ఇప్పుడు ఇలా చెయ్యి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. ముందు చిన్న మానిటర్‌ని 60కి దించి చూడు. అది చాలకపోతే పెద్దదాన్ని 144కి, ఆ తర్వాత 120కి దించు. ఒక్కోసారి ఒక్కటే మార్చి, నిమిషం ఆగి రీడింగ్ చూడు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఆఫీసు పనికి 120, 165 మధ్య తేడా కంటికి ఆనదు.

ఏఎండీ అభిమాని:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీ, 4కే 144 మానిటర్ ఒక్కటే. కార్డు కొత్తగా వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నా మరీ ఎక్కువ లాగేది. ఇలాంటి మానిటర్లతో ఖాళీగా ఉన్నా పవర్ ఎక్కువ లాగుతోందని ఏఎండీ వాళ్లే డ్రైవర్ నోట్స్‌లో తెలిసిన సమస్యగా రాశారు. 2023లో వచ్చిన డ్రైవర్లతో చాలావరకు తగ్గింది. నాకు బాగా కలిసొచ్చింది ఫ్రీసింక్, అంటే కార్డు పంపే ఫ్రేమ్‌లకి తగ్గట్టు మానిటర్ హెర్ట్జ్ మారే సదుపాయం. మానిటర్ మెనూలోనూ, డ్రైవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేశాక మెమరీ క్లాక్ దిగడం మొదలైంది.

బెంచ్‌టేబుల్:
మంచి మాట చెప్పారండీ. మీలా ఏఎండీ 7000 సిరీస్ వాడేవాళ్లు మొదట చూడాల్సింది ఫ్రీసింకే. ఇంకో సంగతి, ఏఎండీ 6000 సిరీస్ కార్డుల్లో సాఫ్ట్‌వేర్ చూపించేది మొత్తం కార్డు పవర్ కాదు, చాలావరకు చిప్ లెక్కే. 7000 నుంచి మొత్తం బోర్డు లెక్క చూపిస్తున్నారు. కాబట్టి పాత కార్డు అంకెనీ కొత్త కార్డు అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఫ్రీసింక్‌తోనూ దిగకపోతే కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అని ఉచిత టూల్ ఉంది. అందులో వర్టికల్ టోటల్ (ఒక ఫ్రేమ్‌లోని మొత్తం గీతల లెక్క) పెంచితే ఆ విరామం పెద్దదవుతుంది, డ్రైవర్‌కి సందు దొరుకుతుంది. కానీ అంకె తప్పు పడితే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. దాంతోపాటే వచ్చే రీసెట్-ఆల్ ఫైల్ డెస్క్‌టాప్ మీద పెట్టుకుని, సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్లాలో తెలిశాకే ముట్టుకోండి. తెలియకపోతే వదిలేయండి, హెర్ట్జ్ తగ్గించుకోవడమే సుఖం.

ఆర్క్ యూజర్:
సార్, నాది ఇంటెల్ ఆర్క్ ఏ750. ఒక్కటే మానిటర్, అదీ 60 హెర్ట్జే. అయినా ఖాళీగా 40 వాట్ల దాకా ఉంటోంది. నాక్కూడా ఇదే మందా?

బెంచ్‌టేబుల్:
కాదండీ, మీ కార్డు కథ వేరు. ఆర్క్ ఏ సిరీస్‌కి మదర్‌బోర్డు బయాస్‌లో ఏఎస్‌పీఎం (కార్డుకీ బోర్డుకీ మధ్య లింక్ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యాలి. ఇది ఇంటెల్ వాళ్లు స్వయంగా చెప్పిన పద్ధతే. బయాస్‌లో నేటివ్ ఏఎస్‌పీఎం ఎనేబుల్ చేసి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్ ఏఎస్‌పీఎంని ఎల్1కి పెట్టండి. తర్వాత విండోస్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ని మ్యాగ్జిమమ్ పవర్ సేవింగ్స్ చెయ్యండి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. మీది 60 హెర్ట్జ్ కాబట్టి తేడా బాగానే కనపడాలి. హై రిఫ్రెష్ మానిటర్ అయితే అంత రాదు.

ఖమ్మం165:
అన్నా, చేసి చూశాను. చిన్నది 60 చేస్తే ఏమీ మారలేదు. పెద్దది 144కి దించినా 7501లోనే ఉంది. 120, 60 పెట్టగానే మెమరీ 810కి దిగింది, 20 వాట్లు. ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయాయి! కానీ 405కి ఎందుకు రావట్లేదు? ఇంకా తగ్గించాలంటే ఆఫ్టర్‌బర్నర్‌లో అండర్‌వోల్ట్ (చిప్‌కి అందే వోల్టేజ్ తగ్గించడం) చెయ్యమని ఒకరు చెప్పారు. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయమని ఇంకొకరు. చెయ్యమంటారా?

బెంచ్‌టేబుల్:
810 అంటే మధ్య మెట్టు. రెండు స్క్రీన్లకి సరిపడా వేగం కోసం అక్కడ ఆగింది. 38 నుంచి 20 అంటే మంచి ఫలితమే, దాన్ని అలాగే ఉంచు.

అండర్‌వోల్ట్ గేమ్ ఆడేటప్పుడు నిజంగా మంచిది, వేడి తగ్గుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం వోల్టేజ్ ఎలాగూ అట్టడుగునే ఉంటుంది, అక్కడ తగ్గించడానికేం మిగలదు. పవర్ లిమిట్ తగ్గించినా అంతే.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మాత్రం తీయకు. వీడియో చూసేటప్పుడు కార్డులో దానికోసమే ఉన్న డీకోడర్ తక్కువ కరెంటుతో చేసే పనిని నువ్వు ప్రాసెసర్ నెత్తిన పెట్టినట్టవుతుంది, మొత్తం మీద ఎక్కువే ఖర్చవుతుంది. దానికి బదులు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గ్లోబల్ సెట్టింగ్స్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ చూడు. ప్రిఫర్ మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ అని ఉంటే నార్మల్‌కి మార్చు. కదిలే వాల్‌పేపర్, లైట్లు మార్చే సాఫ్ట్‌వేర్ లాంటివి ఉంటే మూసేసి చూడు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కాలమ్ పెట్టుకుంటే ఎవరు లేపుతున్నారో తెలిసిపోతుంది.

ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది, రెండో మానిటర్‌ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలించొచ్చు. నీ 12400ఎఫ్‌లో ఆ ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, కాబట్టి నీకు ఆ దారి లేదు.

బిల్లు సంగతి కూడా నిజం మాట్లాడుకుందాం. నీకు 18 వాట్లు తగ్గాయి. రోజుకి 14 గంటలు అంటే పావు యూనిట్, నెలకి ఏడున్నర యూనిట్లు. శ్లాబ్ అంచున ఉన్నవాడికి అది చిన్న సంగతి కాదు. కానీ భోజనానికి లేచినప్పుడు సిస్టమ్‌ని స్లీప్‌లో పెడితే ప్రాసెసర్, మానిటర్లు, కార్డు అన్నీ కలిసి ఇంకా మిగులుతుంది. స్క్రీన్ ఐదు నిమిషాలకి, సిస్టమ్ పదిహేను నిమిషాలకి పడుకునేలా ఈరోజే పెట్టేయి.

ఖమ్మం165:
చాలా థ్యాంక్స్ అన్నా, స్లీప్ కూడా పెట్టేశాను. చివరిగా ఒక్క డౌట్. రాత్రి గేమ్ ఆడేటప్పుడు 165 కావాలి. ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాలా?

బెంచ్‌టేబుల్:
అక్కర్లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రిఫర్డ్ రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది, దాన్ని హయ్యెస్ట్ అవైలబుల్ చెయ్యి. ఫుల్ స్క్రీన్‌లో నడిచే చాలా గేమ్‌లు 165 తీసుకుని, బయటికి రాగానే 120కి వచ్చేస్తాయి. బోర్డర్‌లెస్ విండోలో నడిచే గేమ్‌లకి ఇది పనిచెయ్యదు, వాటికి చేత్తో మార్చుకోవాల్సిందే. రెండో స్క్రీన్ అవసరం లేని రోజు విండోస్ కీ, పీ కలిపి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ పెట్టు. మానిటర్ బటన్ నొక్కి ఆపినంత మాత్రాన సరిపోదు, హెచ్‌డీఎంఐలో చాలా మానిటర్లు ఆపినా కార్డుకి తగిలి ఉన్నట్టే కనపడతాయి.