వారం షార్ట్‌వేవ్ పట్టిక వేసుకున్నా, సగం స్టేషన్లు దొరకట్లేదు. తప్పెక్కడ?

ఖమ్మం_శ్రోత (ప్రశ్న):

ఆదివారం నుంచి శనివారం దాకా ఏ రోజు, ఏ గంటకు, ఏ విదేశీ స్టేషన్ వినాలో ఒక పట్టిక రాసుకున్నాను. రెండు మూడు జాబితాలు ముందేసుకుని కలిపి రాసిందే. రేడియో సెట్టు టెక్‌సన్ పీఎల్-330. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. బాల్కనీ గ్రిల్‌కి కట్టిన 5 మీటర్ల వైరే యాంటెన్నా.

ఇబ్బందులు ఇవీ:
వారానికొకసారి వచ్చే కార్యక్రమాలు చాలావరకు ఒక రోజు అటో ఇటో అవుతున్నాయి. జాబితాల్లోని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక వేళ)కి 5:30 కలిపే రాశాను.
ఫ్రీక్వెన్సీ సరిగ్గానే పెడుతున్నా, కొన్నిచోట్ల వేరే భాష, ఎక్కువగా చైనీస్, వస్తోంది.
రాత్రి 7 నుంచి 10 దాకా 41, 31 మీటర్లలో (7, 9 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు) గుయ్యిమని ఒకటే రొద.
పట్టికలో రేడియో ఆస్ట్రేలియా, బీబీసీ హిందీ కూడా ఉన్నాయి. ఒక్కసారీ దొరకలేదు.
షార్ట్‌వేవ్ రేడియోగ్రామ్ (అక్షరాలను, బొమ్మలను శబ్దాలుగా పంపే కార్యక్రమం) కీచు శబ్దాలను అక్షరాలుగా మార్చాలని ఉంది. ఎలా?

యూటీసీ_బాబాయ్:

ముందు చిన్నది తేల్చేద్దాం. రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ 2017 జనవరి 31న ఆగింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ఆగింది. మీ జాబితాల్లో ఒకటి ఏళ్ల నాటి పాతదన్నమాట. దాన్ని పక్కన పడేయండి. అందులో మిగతా వరుసలు కూడా నమ్మదగినవి కావు.

ఇక రోజుల లెక్క. 5:30 కలపడం సరే, తేదీ మార్చారా? యూటీసీలో 18:30 నుంచి 23:59 మధ్య ఉన్నదేదైనా మనకు మర్నాడు పడుతుంది. శనివారం 23:00 యూటీసీ అంటే మనకు ఆదివారం తెల్లవారుజామున 4:30.

దీనిమీద ఇంకో మెలిక ఉంది, మీరు పడింది అందులోనే అనుకుంటా. హెచ్ఎఫ్‌సీసీ (షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీలను సమన్వయం చేసే అంతర్జాతీయ సంస్థ) పట్టికలో రోజుల అంకెలు ఆదివారంతో మొదలవుతాయి, అంటే 1 ఆదివారం, 7 శనివారం. ఐబీ (EiBi, శ్రోతలు వాడే ఉచిత జాబితా) పట్టికలో 1 అంటే సోమవారం, 7 అంటే ఆదివారం. 23:00 యూటీసీ కార్యక్రమం ఎదురుగా 7 అని ఉంటే, మొదటి పట్టిక లెక్కలో అది మనకు ఆదివారం తెల్లవారుజాము, రెండో దాని లెక్కలో సోమవారం తెల్లవారుజాము. రెండు జాబితాలనూ అంకెలతో కలిపి రాస్తే పట్టిక ఖాయంగా చెడుతుంది. అంకెలు తీసేసి ప్రతి వరుసలో వారం పేరే రాయండి, అదీ మన వారం.

మూడోది సీజన్, అంటే స్టేషన్లు వేళలు, ఫ్రీక్వెన్సీలు మార్చుకునే కాలం. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ‘ఎ’ సీజన్, అక్కడి నుంచి మళ్ళీ మార్చి దాకా ‘బి’. మార్పు ఆ ఆదివారం 01:00 యూటీసీకి, మన ఉదయం 6:30కి. యూరప్‌లో గడియారాలు మార్చేదీ అప్పుడే. రోమ్‌లో పోప్ ఆదివారం మధ్యాహ్నం 12కి చేసే ప్రార్థన తీసుకోండి. వేసవి కాలమానంలో మనకు అది 3:30, చలికాలంలో 4:30. అక్కడి గడియారాన్ని పట్టుకుని నడిచే ఏ కార్యక్రమమైనా ఇలాగే ఒక గంట జరుగుతుంది. కొన్ని స్టేషన్లు మాత్రం యూటీసీ వేళనే అట్టిపెట్టి ఫ్రీక్వెన్సీ ఒక్కటే మారుస్తాయి. అందుకే ప్రతి స్టేషన్ కొత్త పట్టికను విడిగా చూడాలి.

అమెరికా స్టేషన్లకు ఇది వర్తించదు. అక్కడ గడియారం మారేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం రెండు లెక్కలూ కలవవు. ఆ వారాల్లో దొరకలేదని యాంటెన్నా మార్చకండి.

నలభైతొమ్మిది_మీటర్లు:

రెండో ఇబ్బంది సంగతి. ఫ్రీక్వెన్సీ ఎదురుగా స్టేషన్ పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఏ ట్రాన్స్‌మిటర్ నుంచి వస్తోందో కూడా రాసుకోవాలి. పట్టికల్లో మూడక్షరాల గుర్తులుంటాయి. డీహెచ్ఏ అంటే యూఏఈలోని అల్ ధబ్బయ్యా, టీఏసీ తాష్కెంట్, టీఆర్ఎం ట్రింకోమలీ, ఎన్ఏయూ జర్మనీలో నౌయెన్, ఐఎస్ఎస్ ఫ్రాన్స్‌లో ఇసూడున్. జపాన్ స్టేషనైనా సిగ్నల్ తాష్కెంట్ నుంచి రావచ్చు. పేరు చూసి తూర్పుకు వైరు తిప్పితే ప్రయోజనం లేదు.

ఖమ్మం నుంచి అల్ ధబ్బయ్యా, తాష్కెంట్ రెండూ సుమారు 2,800 కి.మీ. ఆకాశంలో ఒక్క గెంతులో అందే దూరం. ట్రింకోమలీ 950 కి.మీ. మాత్రమే. దగ్గర కదా అనిపిస్తుంది గానీ, రాత్రిపూట 11 మెగాహెర్ట్జ్, ఆపై బ్యాండ్లలో ఆ సిగ్నల్ మన నెత్తిమీదుగా దాటిపోయి ఇంకా ఉత్తరాన దిగుతుంది. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకు నిశ్శబ్దం. వైరు ఎంత పెంచినా దాన్ని సరిచేయలేరు.

లక్ష్యం గుర్తు కూడా చూడండి. మనకు ఉద్దేశించినవి హెచ్ఎఫ్‌సీసీలో 41వ జోన్‌గా ఉంటాయి, ఐబీలో దక్షిణాసియా గుర్తుతో ఉంటాయి. వారం పట్టికకు ముందు వీటినే ఏరుకోండి. ఆఫ్రికాకో తూర్పు ఆసియాకో వేసినవి దొరికితే దొరికాయి, అవి బోనస్.

చైనీస్ విషయం: తైవాన్ నుంచి, కొన్ని ఇతర సంస్థల నుంచి చైనీస్‌లో వచ్చే ప్రసారాలను అణచడానికి చైనా అదే ఫ్రీక్వెన్సీలో తన దేశీయ సీఎన్ఆర్-1 కార్యక్రమాన్ని పెద్ద శక్తితో వేస్తుంది. మీ పట్టికలో అలాంటి ప్రసారానికి పక్కనే 5 కిలోహెర్ట్జ్ దూరంలో మీ స్టేషన్ ఉంటే, వినబడేది ఆ అడ్డు ప్రసారమే. సెట్టు బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి వినే వెడల్పు) 9 కిలోహెర్ట్జ్ నుంచి 3.5కి గానీ 2.5కి గానీ తగ్గించండి. చాలకపోతే ఎస్ఎస్‌బీలోకి (సిగ్నల్‌లో ఒక పక్కనే వినే మోడ్) వెళ్ళి స్టేషన్ క్యారియర్ (సిగ్నల్ నడిమి తరంగం) మీద ఈల శబ్దం సున్నా అయ్యేదాకా సన్నగా తిప్పి, రొద తక్కువున్న పక్కను ఎంచుకోండి. అడ్డు పైన ఉంటే ఎల్ఎస్‌బీ (కింది పక్క), కింద ఉంటే యూఎస్‌బీ (పై పక్క). మాటలు గొంతు మారకుండా వస్తే సరిగ్గా కూర్చున్నట్టు. సిగ్నల్ అలలు అలలుగా వక్రించేటప్పుడూ ఇదే పని చేస్తుంది.

గంటల విషయంలో నా లెక్క: పొద్దున 5:30 నుంచి 7:30 దాకా 7, 9, 11 మెగాహెర్ట్జ్, మధ్యాహ్నం 13, 15, 17, సాయంత్రం 6:30 నుంచి 10 దాకా 9, 11 ముందు, 7 తర్వాత, అర్ధరాత్రి దాటాక 6, 7. వేసవిలో ఒక బ్యాండ్ పైకి జరపండి. దక్షిణాసియాకు వచ్చేవాటికి బంగారు ఘడియలు ఆ సాయంత్రం పూటే, పట్టిక బరువంతా అక్కడే పెట్టండి.

గరగర_వైరి:

ఆ బంగారు ఘడియలనే మీ రొద మింగేస్తోంది. అది ఆకాశం నుంచి రాలేదు, మీ బిల్డింగ్ నుంచే వస్తోంది. సాయంత్రం 7కి లైట్లు, టీవీలు, చార్జర్లు అన్నీ వెలిగే వేళ కదా.

సెట్టును బ్యాటరీ మీద పెట్టి, రొద ఉన్న ఫ్రీక్వెన్సీలో ఉంచి, ఇంటి మెయిన్ ఎంసీబీ దించండి. రొద పోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో సర్క్యూట్ ఎత్తుతూ, తర్వాత ఒక్కో ప్లగ్గు పెడుతూ పట్టుకోండి. ఎక్కువసార్లు దొరికేవి: ఎల్ఈడీ బల్బులో డ్రైవర్, ఫోన్ చార్జర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, ఇన్వర్టర్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్. ఎంసీబీ దించినా తగ్గకపోతే పక్కింటిదో కరెంటు లైనుదో. అప్పుడు యాంటెన్నా చోటు మార్చాలి.

దొంగను పట్టాక వైరుకు ఫెరైట్ (రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగు) వేస్తారు. అక్కడే చాలామంది మోసపోతారు. క్లిప్ రింగు ఒకటి తగిలించి ఏమీ తగ్గలేదంటారు. వైరు ఒక్కసారి దూరితే షార్ట్‌వేవ్‌లో అది నామమాత్రమే. అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది: 1 చుట్టు కంటే 5 చుట్లు సుమారు 25 రెట్లు. కాబట్టి లోపలి రంధ్రం పెద్దదైన రింగు కొని 5 నుంచి 7 చుట్లు వేయండి, అదీ అడాప్టర్‌కు అతి దగ్గరగా. పదార్థం 31 మిక్స్ అయితే ఈ బ్యాండ్లకు సరిగ్గా సరిపోతుంది. 43 మిక్స్ బలం 25 మెగాహెర్ట్జ్ పైన. గుర్తు లేని చవక రింగులు తరచు ఆ పైబ్యాండ్లకు చేసినవే.

గ్రిల్‌కి కట్టిన వైరు ఇంటి కరెంటు వైర్లకు సమాంతరంగా ఉంటే, అది స్టేషన్ల కంటే ఇంటి చెత్తనే ఎక్కువ పడుతుంది. గ్రిల్‌ను ముట్టకుండా ప్లాస్టిక్ తాడుతో కనీసం ఒక మీటరు బయటికి తేవాలి. అక్కడి నుంచి కోయాక్స్ కేబుల్‌తో (టీవీ కేబుల్ లాంటిది) లోపలికి, మధ్యలో వైరును కేబుల్‌కు సరిపడేలా జోడించే 9:1 ట్రాన్స్‌ఫార్మర్. ఎఫ్‌టీ140-43 రింగు మీద మూడు వైర్లు కలిపి మెలితిప్పి 9 చుట్లు వేస్తే చాలు.

నలభైతొమ్మిది_మీటర్లు:

ఒక్క సవరణ. కోయాక్స్ లేకుండా 5 మీటర్ల వైరు నేరుగా సెట్టులోకి పెట్టేవారికి 9:1 వద్దు. ఇలాంటి చిన్న సెట్ల ఇన్‌పుట్ పుల్లింగ్ యాంటెన్నాకు సరిపడేలా ఉంటుంది, మధ్యలో 9:1 పెడితే సిగ్నల్ పోగొట్టుకున్నట్టే. కోయాక్స్ లాగితేనే దానికి పని.

ఇంకొకటి, రాత్రి 41 మీటర్లలో అన్నిచోట్లా ఒకే స్టేషన్ దెయ్యంలా వినబడితే బలమైన సిగ్నళ్ళను సెట్టు తట్టుకోలేకపోతోందని అర్థం. 5 మీటర్లే ఎక్కువ కావచ్చు. వైరు తీసి పుల్లింగ్ యాంటెన్నాతో ఒకసారి వినండి. అప్పుడు అది తగ్గి అసలు స్టేషన్లు బాగుపడితే, వైరు 3 మీటర్లకు కుదించండి.

గరగర_వైరి:

ఒప్పుకుంటున్నా, నేను కోయాక్స్ ఉందనుకునే చెప్పాను. చోటు దొరకని అపార్ట్‌మెంట్‌లో వైరు కన్నా ఒక మీటరు వ్యాసం గల లూప్ (గుండ్రటి యాంటెన్నా) మంచిది, తిప్పి రొద దిక్కును తగ్గించవచ్చు. ఎలాంటి యాంటెన్నా అయినా ఉరుము వినబడగానే సెట్టు నుంచి పీకేయాలి, ముఖ్యంగా ఏప్రిల్, మే గాలివానల్లో.

ఖమ్మం_శ్రోత:

ఎంసీబీ దించగానే రొద దాదాపు పోయింది. హాల్లో సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, బాత్రూమ్ ఎల్ఈడీ. రేడియోగ్రామ్ సంగతి మిగిలింది. కొన్ని రాత్రులు బ్యాండ్ మొత్తం ఖాళీగా ఉంటోంది, అది కూడా చెప్పండి.

యూటీసీ_బాబాయ్:

ఖాళీ రాత్రుల సంగతి ముందు. కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే అంకె) 5 గానీ అంతకు మించి గానీ ఉంటే భూఅయస్కాంత తుఫాను. ధ్రువాల వైపు దారుల్లో వచ్చే సిగ్నళ్ళు ముందు పోతాయి, ఉత్తర అమెరికా స్టేషన్లు అలాంటి రోజు వెతకడం వృథా. పగలు హఠాత్తుగా చచ్చిపోతే సౌర జ్వాల కావచ్చు. అప్పుడు కింది ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి, అన్నిటికన్నా చివర తేరుకుంటాయి. అందుకని 7 వదిలి 15, 17 వైపు వెళ్ళి చూడండి.

రేడియోగ్రామ్ వారానికొకసారి అరగంట. వస్తున్నది అమెరికాలోని డబ్ల్యూఆర్ఎంఐ, డబ్ల్యూఐఎన్‌బీల నుంచి. అమెరికా నుంచి ఖమ్మానికి బలంగా రావడం అరుదు కాబట్టి, మొదట నెదర్లాండ్స్‌లోని ట్వెంటే వెబ్‌ఎస్‌డీఆర్‌లో గానీ అమెరికాలోని ఒక కివీఎస్‌డీఆర్‌లో గానీ (రెండూ ఇంటర్నెట్‌లో తిప్పి వినే రిసీవర్లు) సాధన చేయండి. పద్ధతి ఇదీ. రేడియో ఏఎం మోడ్‌లోనే ఉంచాలి, ఎస్ఎస్‌బీ కాదు, ఎందుకంటే అక్షరాలు మామూలు ప్రసారంలోని ధ్వనిలోనే ఉన్నాయి. ఎఫ్ఎల్‌డిజి (శబ్దాలను అక్షరాలుగా మార్చే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరిచి ఎంఎఫ్ఎస్‌కే32 మోడ్ ఎంచుకుని, మార్కర్‌ను 1500 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మోడ్ మారినప్పుడు అదే గుర్తించేలా ఆర్ఎక్స్‌ఐడీ ఆన్ చేయండి. ఎంఎఫ్ఎస్‌కే32 నిమిషానికి సుమారు 120 పదాలు, ఎంఎఫ్ఎస్‌కే64 దానికి రెట్టింపు. సిగ్నల్ బలహీనమైతే మొదటిదే నిలుస్తుంది.

తప్పులు జరిగేది రికార్డింగులో. ఫోన్‌లో రికార్డు చేస్తే శబ్దం శుభ్రం చేసే సౌకర్యం ఆపేయండి, అది కీచును రొద అనుకుని తీసేస్తుంది. బొమ్మలు వాలుగా వస్తే సౌండ్‌కార్డు శాంప్లింగ్ రేటు కొంచెం తేడా ఉందన్నమాట, ఎఫ్ఎల్‌డిజిలో పీపీఎం సవరణతో నిటారు చేయవచ్చు.

క్యూఎస్ఎల్‌కి (విన్నామని స్టేషన్ ధ్రువీకరించే కార్డు) రాసేటప్పుడు తేదీ, వేళ యూటీసీలో, ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో, సిన్పో (సిగ్నల్ నాణ్యత చెప్పే కొలత) ఐదంకెలు, కనీసం 15 నిమిషాల కార్యక్రమ వివరాలు ఇవ్వండి. వెబ్ రిసీవర్‌తో విన్నది ఖమ్మంలో విన్నట్టు రాయకూడదు. ఆ రిసీవర్ ఉన్న చోటు పేరు చెప్పాలి, స్టేషన్‌కి కావలసింది ఆ సమాచారమే.