తట్టు కూటకంబు… మూడో పాదం ఎవరికైనా గుర్తుందా?

కృష్ణలంక:
గుంటూరులో పదో తరగతి చదివేటప్పుడు మా సైన్సు మాస్టారు పాఠాలన్నీ ఆటవెలదుల్లో కట్టేసేవారు. నిన్న అమ్మని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మా టోకెను 41, లోపల నడుస్తున్నది 12. ఎదురుగా గోడ మీద చెవి బొమ్మ. దాన్నే చూస్తూ కూర్చుంటే, చెవిలోని మూడు బుల్లి ఎముకలు కూటకం (సుత్తి), దాగలి (కమ్మరి దిమ్మె), అంకవన్నె (గుర్రపు జీనుకి వేలాడే కాలి మెట్టు) మీద ముప్ఫై ఏళ్ల కిందటి పద్యం నోట్లోకొచ్చింది:

తట్టు కూటకంబు దాగలి నెత్తిపై
అదియు నంకవన్నె నదిమి నెట్టు
…… కిటికి ……
నీరు గదలె నత్తగుల్లలోన

మూడో పాదంలో ‘కిటికి’ ఒక్కటే మిగిలింది. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. అడుగుదామంటే మాస్టారు లేరు.

బ్రాడీపేట 4/14:
మూడోది తర్వాత చూద్దాం, ముందు నాలుగోది సరిచేసుకోండి. ‘నీ’కీ ‘గు’కీ యతి ఏ ఊళ్లో కుదురుతుందండీ? మాస్టారు తప్పి ఉండరు, మీ జ్ఞాపకమే తప్పింది. ‘నత్తగుల్లలోన నడచు నలలు’ అయి ఉంటుంది.

జోరీగ:
‘నడచు నలలు’కి నా ఓటు. కర్ణావర్తంలో, అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో, అల ఒక కొస నుంచి రెండో కొసకి నడుచుకుంటూ పోతుందని చూపినందుకే బెకెషి అనే శాస్త్రవేత్తకి 1961లో నోబెల్ ఇచ్చారు. నా పేచీ మొదటి పాదంతో. కూటకం దాగలిని తట్టడమేమిటి? రెండిటికీ మధ్య కీలుంది. కర్ణభేరి ఊగితే రెండూ కలిసే ఊగుతాయి. చెవిలో కమ్మరి దుకాణమేమీ లేదు.

బ్రాడీపేట 4/14:
‘తట్టు’ తీసేస్తే ‘దా’కి యతి మీరు తెచ్చిపెడతారా డాక్టరుగారూ?

సత్యనారాయణపురం:
తట్టడం సంగతి అలా ఉంచండి. అసలు కూటకం సుత్తేనా? పంచదశిలో విద్యారణ్యులు ‘కూటవన్నిర్వికారేణ స్థితః కూటస్థ ఉచ్యతే’ అన్నారు. కూటంలా మార్పు లేకుండా నిలిచినదే కూటస్థం అని. ఎన్ని దెబ్బలు పడ్డా మారకుండా ఉండేది కూటం. అంటే దాగలి! మన పాఠ్యపుస్తకం వాళ్లు సుత్తికి దాగలి పేరు పెట్టి, పక్కనే మళ్లీ దాగలిని పెట్టారు. ఒక చెవిలో రెండు దాగళ్లు. ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను.

బ్రాడీపేట 4/14:
ఇరవై ఏళ్లలో ఒక్కసారి అమరకోశం తెరవాల్సింది. నానార్థవర్గంలో ‘అయోఘనే శైలశృంగే సీరాంగే కూటమస్త్రియామ్’ అని ఉంది. అయోఘనం అంటే సమ్మెట. పుస్తకం వాళ్లు అమరాన్ని పట్టుకున్నారు, మీరు వేదాంతాన్ని పట్టుకున్నారు. అంతే తేడా.

సత్యనారాయణపురం:
సమ్మెట నిర్వికారంగా ఎలా ఉంటుందండీ? పైకీ కిందకీ ఎగురుతూనే ఉంటుందిగా! అర్థం ఉపమానంలోంచి తీయాలి, నిఘంటువులోంచి కాదు.

పటమటలంక:
మా పుస్తకంలో అంకవన్నె లేదు, కర్ణాంతరాస్థి అని ఉండేది. మా తాతయ్య గుర్రబ్బండి రోజుల మనిషి, ఆయన రికాబు అనేవాడు. ఇంతకీ ‘అదిమి’నా, ‘కుదిపి’నా? నాకు కుదిపి బాగుందనిపిస్తోంది.

జోరీగ:
అదిమి. యతి ఎలాగూ అదే అడుగుతుంది, శాస్త్రం కూడా అదే అడుగుతుంది. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా లోపలి నీటిని తాకితే దాదాపు అంతా తిరిగి వెళ్లిపోతుంది. చెరువులో మునిగినవాడికి గట్టు మీద కేకలు సరిగా వినపడవు చూడండి, అలాగన్నమాట. అందుకే ఈ మూడెముకల ఏర్పాటు. కర్ణభేరిలో ఊగే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, లోపలి చెవి కిటికీలో కూర్చునే అంకవన్నె పాదం 3.2. అక్కడే 17 రెట్లు. కూటకం పిడి దాగలి కాడకన్నా పొడుగు కాబట్టి, మీటలాగా పనిచేసి ఇంకో 1.3 రెట్లు. మొత్తం మీద ఒత్తిడి 22 రెట్లవుతుంది. మేకు వెడల్పాటి తల మీద వేసిన దెబ్బంతా మొనలో చేరినట్టు. ఇంత పనిలో చివరి వంతు చేసేది 3 మిల్లీగ్రాముల ఎముక.

వినుకొండ:
చెవి మాట ఇంతసేపు నడుస్తుంటే మా ఊరి ఊసెత్తరేం? సీతమ్మ సంగతి రాముడు విన్న కొండ మాది. జాషువా పుట్టిన ఊరు. కాళిదాసు సందేశం చెప్పుకున్న మేఘానికి చెవులేవీ? మా జాషువా ఒళ్లంతా చెవులే అయినదాన్ని ఎంచుకున్నాడు. ‘గబ్బిలం’ వచ్చింది 1941లో. గబ్బిలం ప్రతిధ్వని విని దారి చూసుకుంటుందని అమెరికాలో గ్రిఫిన్, గలాంబోస్ పరిశోధన అచ్చయిందీ ఆ ఏడే. ఆయన అది చదివి రాశాడని నేననను. కానీ కవికి కొన్ని ముందే తెలుస్తాయి.

జోరీగ:
గబ్బిలానికి అంకవన్నెతోనే ఇంకో విశేషం ఉంది. దాన్ని పట్టి ఉంచే చిన్న కండరం, గబ్బిలం అరవబోయే ముందే బిగుసుకుంటుంది. లేకపోతే తన కేకతో తనకే చెవులు దిమ్మెక్కుతాయి. వెంటనే సడలుతుంది, ప్రతిధ్వని వింటుంది. ఆ కండరం మనకీ ఉంది. కాకపోతే లక్ష్మీబాంబు పేలిపోయాక బిగుసుకుంటుంది.

కొలిమి మనవడు:
మా తాతది మంగళగిరిలో కొలిమి. దాగలి పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఒక మాట. దాగలిని మొద్దులో దిగేసి పెడతారు. అది ఇంత కదిలినా మా తాత పని ఆపేసేవాడు. చెవిలో దాగలి ఊగుతుందని డాక్టరుగారే అంటున్నారు. ఊగేది మీ కూటస్థం ఎలా అవుతుంది సత్యనారాయణపురంగారూ?

సత్యనారాయణపురం:
ఉపమానాన్ని మరీ అంత లాగకూడదు.

పటమటలంక:
నా ప్రయత్నం: ‘అంత కిటికి కదలు నాతల నీరూగు’. గణాలు చూడండి.

బ్రాడీపేట 4/14:
సరిపోయాయి. కానీ ఇది మీ పద్యం, మాస్టారిది కాదు. ‘కిటికి’ రెండో గణంలో ఉండేదని మీకెవరు చెప్పారు?

కృష్ణలంక:
‘కిటికి’ పాదం చివర ఉండేదని లీలగా గుర్తు. అమ్మ రిపోర్టు ఇవాళ వచ్చింది. అంకవన్నె చుట్టూ ఎముక పెరిగి, కిటికీలో కదలకుండా బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చేసి దాని బదులు చిన్న పిస్టన్ పెడతారట. కాబట్టి మీ ఇద్దరి గొడవలో మా ఇంటి మాట: కూటస్థం సుత్తీ కాదు, దాగలీ కాదు. మా అమ్మ అంకవన్నె.

పద్యం అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. ‘గుత్తొంకాయా? వద్దు, మధ్యాహ్నం తిన్నాంగా’ అంది.