వీఎంకి డిస్క్ 80 జీబీ చేశా, లోపల మాత్రం ఇంకా 19 జీబీనే చూపిస్తోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ వీఎం (కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్) ఒకటి నడుపుతున్నా, మొదట్లో 40 జీబీ ఇచ్చా. డేటాబేస్ పెరిగి రూట్ (సిస్టం ఉండే ప్రధాన భాగం) 98 శాతం నిండిపోయింది, అందుకని వీఎం ఆపేసి డిస్క్‌ని 80కి పెంచి మళ్ళీ ఆన్ చేసి డీఎఫ్ (జాగా ఎంతుందో చూపే కమాండ్) కొడితే అదే 19 జీబీ. రెండుసార్లు రీస్టార్ట్ చేశా, మార్పు లేదు. అసలు 40 ఇచ్చినప్పుడు 19 ఏంటో కూడా అర్థం కావట్లేదు. మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాలా? డేటా పోతుందేమోనని చాలా భయంగా ఉంది.

జవాబు:
రీఇన్‌స్టాల్ ఏమీ అక్కర్లేదండి, కంగారు పడకండి. మీరు పెంచింది అడుగునున్న డిస్క్ ఒక్కటే. దాని మీద పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం), దానిపైన ఎల్‌వీఎం (ఆ జాగాని వాల్యూములుగా పంచే పొర), అన్నిటికన్నా పైన ఫైల్ సిస్టం, ఇవన్నీ పాత సైజులోనే కూర్చున్నాయి, ఒక్కోదాన్నీ విడిగా పెంచాలి. డీఎఫ్ చూపించేది పైనున్న ఫైల్ సిస్టం సైజు మాత్రమే కాబట్టి అందులో ఏ తేడా కనపడదు. ముందు డిస్కులూ పార్టిషన్లూ చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి, ఇంకే కమాండూ కొట్టొద్దు. స్నాప్‌షాట్లు (వీఎం పాత స్థితిని దాచిపెట్టినవి) ఏమైనా ఉన్నాయా? ఉంటే సైజు పెంచడంలో అదో తలనొప్పి, అందుకే అడుగుతున్నా.

అడిగినవారు:
స్నాప్‌షాట్లు లేవండి. ఎస్‌డీఏ 80 జీబీ, ఎస్‌డీఏ1 1 ఎంబీ, ఎస్‌డీఏ2 2 జీబీ, ఎస్‌డీఏ3 38 జీబీ, దాని కింద ఉబుంటు ఎల్‌వీ అని 19 జీబీ ఉంది.

జవాబు:
చూశారా, మీ 19 గుట్టు ఇక్కడుంది. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో డిఫాల్ట్‌గా ఎల్‌వీఎం పెట్టుకుంటే, ఈ సైజు డిస్కుల్లో సగమే రూట్‌కి ఇచ్చి మిగతా సగం స్నాప్‌షాట్లకో ఇంకో వాల్యూమ్‌కో పనికొస్తుందని ఖాళీగా వదిలేస్తుంది. అంటే డిస్క్ పెంచకముందే మీ దగ్గర 19 జీబీ ఊరికే పడుంది! వీజీఎస్ కొడితే వీఫ్రీ కాలమ్‌లో అది కనిపిస్తుంది.

వీఎం ఆపి, డిస్క్ ఫైల్‌ని ఇంకోచోటికి ఒక కాపీ తీసుకోండి, ఇది మాత్రం స్కిప్ చేయొద్దు. తర్వాత ఆన్ చేసి ఆప్ట్ క్లీన్ కొట్టి కాస్త జాగా చేయండి, ఎందుకంటే రూట్ పూర్తిగా నిండిపోతే ఈ టూల్స్ కూడా తాత్కాలిక ఫైల్ రాసుకోలేక మధ్యలో ఫెయిల్ అవుతాయి. ఇప్పుడు సుడోతో (అడ్మిన్ హక్కులతో) పార్టిషన్‌ని పెంచే గ్రోపార్ట్, పక్కన డిస్క్ పేరు, పక్కన 3. పార్టిషన్ పెరిగాక, ఆ కొత్త జాగా ఎల్‌వీఎంకి తెలిసేలా పీవీరీసైజ్‌కి ఎస్‌డీఏ3 ఇవ్వండి. చివరగా రూట్ వాల్యూమ్‌ని (ఎల్‌వీ) పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్, దానికి మైనస్ ఆర్, మైనస్ చిన్న ఎల్, ప్లస్ 100 పర్సెంట్ ఫ్రీ, ఆ తర్వాత ఎల్‌వీ పాత్. మైనస్ ఆర్ ఇస్తే ఫైల్ సిస్టంని కూడా అదే పెంచేస్తుంది, అన్‌మౌంట్ చేయక్కర్లేదు, ఈఎక్స్‌టీ4 నడుస్తుండగానే పెరుగుతుంది.

అడిగినవారు:
గ్రోపార్ట్ దగ్గరే ఆగిపోయిందండి, పార్టిషన్ నంబర్ ఇవ్వాలి అంటోంది. ఎస్‌డీఏ3 అనే ఇచ్చా కదా?

జవాబు:
అక్కడే అందరూ తప్పు చేస్తారండి. ఎస్‌డీఏకీ 3కీ మధ్య స్పేస్ ఉండాలి. పీవీరీసైజ్‌కి మాత్రం స్పేస్ లేకుండా కలిపి.

అడిగినవారు:
అయిపోయింది!! డీఎఫ్‌లో 77 జీబీ వచ్చింది, డేటాబేస్ ఆపకుండానే. రెండు రోజుల నుంచి దీని మీదే కూర్చున్నా, చాలా థ్యాంక్స్ అండి.

ఇంకొకరు:
అన్నా, నాది పాత డెబియన్, ఎల్‌వీఎం లేదు. ఎస్‌డీఏ1 రూట్, తర్వాత ఎస్‌డీఏ2 ఎక్స్‌టెండెడ్, అందులో ఎస్‌డీఏ5 స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే జాగా). గ్రోపార్ట్ కొడితే నోఛేంజ్ అంటోంది. డిస్క్ చివర 30 జీబీ ఖాళీ ఉంది మరి?

జవాబు:
ఖాళీ ఉంది గానీ రూట్ పక్కన లేదు తమ్ముడూ, మధ్యలో స్వాప్ అడ్డంగా ఉంది. పార్టిషన్ తన వెనకే ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెరగగలదు. (విండోస్ వీఎంలో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోవడం కూడా చాలాసార్లు ఇదే, అక్కడ రికవరీ పార్టిషన్ అడ్డం.) కాపీ తీసుకున్నాక స్వాప్‌ఆఫ్ చేసి, 5నీ 2నీ తీసేసి, గ్రోపార్ట్‌కి 1 ఇచ్చి, ఫైల్ సిస్టంని పెంచే రీసైజ్2ఎఫ్‌ఎస్ కొట్టు. ఫైల్ సిస్టం ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే అది కాదు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్‌కి మౌంట్ పాయింట్ ఇవ్వాలి, ఒకసారి పెంచాక తగ్గించడం కుదరదు కూడా, చూసుకో. స్వాప్‌ని తర్వాత ఫైల్‌గా పెట్టుకో. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో రాసుండే ఫైల్) పాత స్వాప్ లైను తీసెయ్, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న సిస్టం) రెజ్యూమ్ ఫైల్‌లో ఆ పాత యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉంటే అదీ తీసేసి అప్‌డేట్ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ కొట్టు, లేదంటే బూట్ అయిన ప్రతిసారీ లేని స్వాప్ కోసం నిమిషంన్నర దాకా ఎదురుచూస్తూ కూర్చుంటుంది.